నాలుగేళ్లు కట్టినా అసలు కదలడం లేదు: ఇంటి అప్పును గడువుకు ముందే తీర్చడం లాభమేనా?

మూడో_అంతస్తు

ఇంటి కోసం 30 లక్షలు అప్పు తీసుకుని సరిగ్గా నాలుగేళ్లయింది. వడ్డీ 8 శాతం, గడువు 20 ఏళ్లు, నెల వాయిదా 25,093. ఇప్పటికి 48 వాయిదాలు ఒక్కటి కూడా తప్పకుండా కట్టాను, అంటే 12 లక్షల పైమాటే. నిన్న ఖాతా వివరాలు తెప్పించుకుని చూస్తే బాకీ ఇంకా 27,13,000 ఉంది. ఇంత కట్టినా అసలులో తగ్గింది 2,87,000 మాత్రమేనని తెలిశాక రాత్రి నిద్ర పట్టలేదు.

ఇంకో ఫిర్యాదు కూడా ఉంది. గత పది నెలలుగా ఇంటి ఖర్చుల్లో మిగిల్చి నెలకు 3,000 చొప్పున అదే ఖాతాలో అదనంగా వేస్తున్నాను. ఆ 30,000 అసలులోంచి తగ్గుతుందనే నమ్మకంతో వేశాను. వివరాల్లో మాత్రం అది ‘ముందస్తు వాయిదా’ అనే పద్దు కింద విడిగా పడి ఉంది.

మా పొదుపు 4 లక్షలు ఉంది. అందులో 2 లక్షలు అప్పులో వేసేద్దామని నేనంటున్నాను, చేతిలో డబ్బు లేకుండా చేసుకోవద్దని మావారు అంటున్నారు. ఇంటి ఖర్చు, వాయిదా కలిపి నెలకు 65,000 అవుతుంది. ఇద్దరిలో ఎవరి మాట సరైనదో చెప్పగలరా?

అసలు_వడ్డీ

మీ ఖాతాలో తప్పేమీ జరగలేదు, అప్పు స్వభావమే అది. వడ్డీని మిగిలిన బాకీ మీద లెక్కిస్తారు కనుక మొదటి నెలలో 30 లక్షల మీద వడ్డీయే 20,000 అయింది. మీరు కట్టిన 25,093లో అసలుకు చేరింది 5,093. నెలనెలా ఆ అయిదు వేలు కొద్దికొద్దిగా పెరుగుతూ, వడ్డీ భాగం అంతే మేర తగ్గుతూ వస్తుంది. గడువులో సగం, అంటే పదేళ్లు, పూర్తయ్యే నాటికి కూడా మీకు 20,68,000 బాకీ ఉంటుంది. అసలులో సగం తీరేది 164వ నెలలో.

అందుకే ముందుగా కట్టే ప్రతి పైసాకూ బలం ఎక్కువ. ఇదే అప్పులో ఏడాది తిరిగేసరికి 3 లక్షలు అదనంగా కట్టి ఉంటే గడువు దాదాపు 46 నెలలు తగ్గి, 8,68,000 వడ్డీ మిగిలేది. అవే 3 లక్షలు పదిహేనేళ్ల తరవాత కడితే మిగిలే వడ్డీ 1,24,000 మాత్రమే. ఇప్పుడు మీరు 2 లక్షలు కట్టి, వాయిదా మార్చకుండా ఉంచితే 26 నెలలు తగ్గుతాయి, 4,58,000 వడ్డీ తప్పుతుంది. నా ఓటు మీకే.

తాళంచెవి

‘ఇల్లు కట్టి చూడు’ అన్న పెద్దలు ‘అప్పు తీర్చి చూడు’ అని కూడా అని ఉంటే మనమంతా అద్దె ఇళ్లలోనే హాయిగా ఉండేవాళ్లం.

పాతబాకీ

2 లక్షల సంగతి తరవాత, ముందుగా ఆ 30,000 సంగతి చూడండి. ‘ముందస్తు వాయిదా’ అంటే మీ డబ్బును పక్కన పెట్టి, రాబోయే వాయిదాలు వచ్చినప్పుడు అందులోంచి సర్దుతారని అర్థం. అంతవరకూ వడ్డీ పూర్తి బాకీ మీదే నడుస్తుంది. మీరు వడ్డీ లేని డబ్బును వారి దగ్గర దాచి, వడ్డీ ఉన్న అప్పును అలాగే మోస్తున్నారు.

నాకూ ఇదే జరిగింది. కౌంటరులో కూర్చున్న వ్యక్తికి నోటిమాటగా చెప్పి వచ్చాను, ఆయన తల ఊపారు, ఏడాదిపాటు నేను చూసుకోలేదు. రాతపూర్వకంగా మూడు సంగతులు కోరండి: ఇంతవరకు అదనంగా పడిన మొత్తాన్ని అసలుకు జమ చేయాలి, వాయిదా మొత్తం మారకూడదు, గడువు తగ్గాలి. జమ చేసిన తరవాత కొత్త వాయిదాల పట్టిక అడిగి తీసుకోండి. ఆ పట్టిక చేతికొచ్చేదాకా పని జరిగినట్టు కాదు.

మూడో_అంతస్తు

పాతబాకీ గారూ, గడువు తగ్గాలని ప్రత్యేకంగా ఎందుకు కోరాలి? అసలు తగ్గితే గడువు దానంతట అదే తగ్గదా?

పాతబాకీ

తగ్గకపోవచ్చు. కొందరు రుణదాతలు గడువును అలాగే ఉంచి వాయిదాను తగ్గిస్తారు. మీ 2 లక్షలనే ఉదాహరణగా తీసుకుంటే, మిగిలిన 192 నెలలను అలాగే ఉంచితే వాయిదా 25,093 నుంచి 23,243కు దిగుతుంది. నెలకు 1,850 మిగిలినట్టు కనిపిస్తుంది కానీ మొత్తం మీద తప్పే వడ్డీ 1,55,000 మాత్రమే. గడువు తగ్గిస్తే తప్పేది 4,58,000 అని అసలు_వడ్డీ గారు పైన లెక్క వేశారు. ఒకే డబ్బు, ఒకే రోజు, దరఖాస్తులో ఒక్క గడి తేడా.

కిటికీ_పక్కన

దీనికొక మినహాయింపు చెప్పాలి. వాయిదా తగ్గించుకుని, తగ్గిన ఆ 1,850ని ప్రతి నెలా అదనంగా అసలుకే కడుతూ పోతే ఫలితం గడువు తగ్గించినప్పటిలాగే వస్తుంది. పైగా ఎప్పుడైనా ఆదాయం కుంటుపడితే తప్పనిసరిగా కట్టవలసింది 23,243 మాత్రమే అవుతుంది. నేను కావాలనే ఈ దారి ఎంచుకున్నాను. అయితే ప్రతి నెలా ఆ తేడాను కట్టేంత క్రమశిక్షణ ఉండాలి, మా తమ్ముడికి లేదని రెండో నెలకే తేలిపోయింది.

లెక్కల_మాస్టారు

అసలు_వడ్డీ గారి అంకెలు తప్పు కావు, వాటినుంచి తీసిన తీర్పుతోనే నాకు పేచీ. మొదటి ఏడాది కట్టిన 3 లక్షలు 8,68,000 మిగిల్చాయని, పదిహేనో ఏట కట్టినవి 1,24,000 మాత్రమే మిగిల్చాయని చెప్పి, మొదటిది ఏడు రెట్లు లాభమన్నట్టు ధ్వనింపజేశారు. మొదటి 3 లక్షలు పదిహేనేళ్లకు పైగా పని చేశాయి, రెండోవి నాలుగైదేళ్లే పని చేశాయి. రెండింటి రాబడీ ఒక్కటే, ఏడాదికి 8 శాతం. అంతకు ఒక్క పైసా ఎక్కువ లేదు, తక్కువ లేదు.

నమ్మకం కుదరకపోతే ఇలా చూడండి. ఆ 3 లక్షలను అప్పులో వేయకుండా, నెలనెలా చక్రవడ్డీ కట్టే 8 శాతం రాబడిలో పెట్టారనుకుందాం. సుమారు 181 నెలలకు అది 10,01,000 పైచిలుకు అవుతుంది. ముందుగా కట్టిన మనిషి అప్పు పూర్తిగా తీరేది సరిగ్గా ఆ నెలలోనే. ముందుగా కట్టని మనిషికి ఆ రోజున మిగిలి ఉన్న బాకీ ఎంత? అదే 10,01,000 పైచిలుకు. తన నిధి తీసి కట్టేస్తే ఇద్దరూ ఒకే రోజున అప్పు నుంచి బయటపడతారు. కాబట్టి ‘ఎంత వడ్డీ మిగిలింది’ అన్నది ప్రశ్న కాదు. పన్ను పోను, నష్టభయం పోను, మీ డబ్బుకు బయట 8 శాతం కన్నా ఎక్కువ వస్తుందా లేదా అన్నదే ప్రశ్న.

అసలు_వడ్డీ

మాస్టారూ, ఒప్పుకున్నాను, ఏడు రెట్ల మాట వెనక్కి తీసుకుంటున్నాను. అయితే మీ ఉదాహరణలో 181 నెలలపాటు ఒక్కసారి కూడా తడబడకుండా 8 శాతం ఇచ్చే రాబడి, దాన్ని 181 నెలలపాటు ముట్టుకోని మనిషి, ఇద్దరూ ఉండాలి. మొదటిది అరుదు, రెండోవాడు ఇంకా అరుదు. అప్పులో వేసిన డబ్బుకు మాత్రం ఆ రాబడి ఖాయంగా వస్తుంది. మిగిలిన వడ్డీని సంపాదనగా చూపి పన్ను కట్టవలసిన పని కూడా సాధారణంగా ఉండదు.

లెక్కల_మాస్టారు

డబ్బు ముట్టుకోని ఆ రెండోవాడి మాటకు నా దగ్గర జవాబు లేదు. నేనే ఆ డబ్బుతో బండి కొన్నాను.

నిదానం

ఈ చర్చలో మూడో_అంతస్తు గారి భర్త తరఫున ఇప్పటిదాకా ఎవరూ మాట్లాడలేదు, కనుక నా అనుభవం చెబుతాను. ఆరేళ్ల క్రితం మేము కూడా ఇదే ఉత్సాహంతో ఉన్నదంతా అప్పులో వేశాం. బాకీ బాగా తగ్గింది, చాలా గర్వంగా ఉండేది. ఆ తరవాత ఏడాదిన్నరకు నా ఉద్యోగం పోయింది. ముందుగా లక్షలు కట్టాం కదా, రెండు నెలలు ఆగండని అడిగితే రుణదాత వినలేదు. అదనంగా ఎంత కట్టినా వచ్చే నెల వాయిదా వచ్చే నెలకు కట్టవలసిందే. ఇంట్లో వేసిన డబ్బును ఇటుక తీసి అమ్ముకోలేం. చివరకు క్రెడిట్ కార్డు మీద బతికాం. దాని వడ్డీ ఇంటి అప్పు వడ్డీకి నాలుగైదు రెట్లు ఉంటుందని అప్పుడే తెలిసింది. ముందస్తు చెల్లింపుతో మిగిల్చిన వడ్డీలో మంచి భాగం ఆ అయిదు నెలల్లోనే పోయింది.

నెలకు 65,000 ఖర్చున్న ఇంటికి ఆరు నెలల నిల్వ అంటే 3,90,000. మీ దగ్గర ఉన్నది 4 లక్షలు. నా లెక్క ప్రకారం అప్పులో వేయదగిన మిగులు 10,000 మాత్రమే.

అసలు_వడ్డీ

ఆరు నెలల నిల్వ ఒకే జీతం మీద నడిచే ఇంటికి సబబే. ఇద్దరూ సంపాదిస్తున్న ఇంటికి మూడు నెలలు చాలవా? రెండు జీతాలూ ఒకేసారి పోవడం అరుదు.

నిదానం

ఇద్దరూ ఒకే సంస్థలో పని చేస్తుంటే అరుదు కాదు. మా ఇంట్లో అదే జరిగింది.

తాళంచెవి

గోరుచుట్టు మీద రోకటిపోటు.

పద్దుల_పుస్తకం

అందరూ ఆ 4 లక్షల చుట్టూ తిరుగుతున్నారు కానీ, ఈ ప్రశ్నలో నాకు విలువైనదిగా కనిపించింది నెలకు 3,000. పెద్ద మొత్తం ఒకసారి వేస్తే అయిపోతుంది, చిన్న మొత్తం పదేళ్లు వేయాలంటే ఇంటి జమాఖర్చు దానికి సిద్ధంగా ఉండాలి. మేము మా అప్పును 20 ఏళ్లకు బదులు 13 ఏళ్లలో తీర్చాం, అందులో పెద్ద మొత్తాలు రెండుసార్లే ఉన్నాయి.

మొదటి ప్రయత్నంలో ఘోరంగా విఫలమయ్యాం. ఒక ఆదివారం కూర్చుని ప్రతి ఖర్చునూ నాలుగో వంతు కోసేసి, మిగిలేదంతా అప్పుకే అని గోడ మీద కాగితం అంటించాం. నాలుగో నెలలో బండి చెడింది, ఐదో నెలలో బీమా కట్టవలసి వచ్చింది, కాగితం చింపేశాం. నిజానికి అవేవీ అనుకోని ఖర్చులు కావు. బీమా ఏటా వస్తుంది, పిల్లల ఫీజులు ఏటా వస్తాయి, బండి ఏదో ఒక నెలలో చెడుతుంది. రెండోసారి మొదలుపెట్టినప్పుడు ఏ ఖర్చూ తగ్గించకుండా మూడు నెలలు కేవలం రాసుకున్నాం. ఆ తరవాత ఏడాదికోసారి వచ్చే ఖర్చులన్నీ కూడి, 12తో భాగించి, ఆ మొత్తాన్ని నెలనెలా వేరే ఖాతాలోకి పంపడం మొదలుపెట్టాం. అప్పటినుంచి అదనపు చెల్లింపు ఒక్క నెల కూడా ఆగలేదు. జీతం పడిన మర్నాడే అదనపు మొత్తం దానంతట అదే వెళ్లిపోయే ఏర్పాటు చేశాం, నెలాఖరున మిగిలింది కడదామనుకున్న రోజుల్లో మిగిలింది ఎప్పుడూ సున్నాయే. జీతం పెరిగిన ప్రతిసారీ పెంపులో సగం అప్పుకు, సగం ఇంటికి అనే ఒప్పందం మీద మా ఇద్దరికీ ఇప్పటిదాకా గొడవ రాలేదు.

ఇంకో మాట. ఈ 30 లక్షల అప్పునే మొదటి నెలనుంచి లెక్క వేసి చూశాను. నెలకు 2,500 అదనంగా కడితే గడువు 46 నెలలు తగ్గుతుంది. దాన్ని రెట్టింపు చేసి 5,000 కడితే 92 నెలలు తగ్గాలి అనిపిస్తుంది కదా, తగ్గేది 76 మాత్రమే. మొదటి 2,500కు 46 నెలలు, రెండో 2,500కు సుమారు 30 నెలలు. నోరు కట్టుకుని మిగిల్చే ఆ రెండో భాగం మొదటి భాగమంత పని చేయదు. కనుక ఇంటిల్లిపాదినీ పస్తు పెట్టి మరీ కట్టవద్దు.

కిటికీ_పక్కన

మేమూ రాసి చూశాం. మా ఇంట్లో అన్నింటికన్నా పెద్ద పద్దు ‘ఇతరములు’.

ఏడో_మైలు

వడ్డీ మారే రకం అప్పులున్న వారికి మరో కారణం ఉంది. మూడో_అంతస్తు గారి బాకీ 27,13,000 మీద రేటు 8 నుంచి 9 శాతానికి పెరిగిందనుకోండి. వాయిదా మార్చకపోతే మిగిలిన 192 నెలలు 223 అవుతాయి. అంటే ఒక్క శాతం పెంపుతో 31 నెలలు, చాలాసార్లు ఒక చిన్న సమాచారం తప్ప వేరే హెచ్చరిక లేకుండా, నెత్తి మీదకు వస్తాయి. రేటు 11.1 శాతం దాకా వెళ్తే ఆ 25,093 మొత్తం వడ్డీకే సరిపోయి అసలు కదలదు, ఆపైన బాకీ పెరగడం మొదలవుతుంది. మా అప్పులో రెండేళ్లపాటు అదనంగా కట్టినదంతా రేటు పెంపును తట్టుకోవడానికే ఖర్చయింది. కట్టకపోయి ఉంటే ఎక్కడ ఉండేవాళ్లమో చూసుకుని ఊరట పడ్డాం.

మూడో_అంతస్తు

మాది స్థిరమైన రేటు. అయితే ఒప్పందంలో ముందస్తు చెల్లింపు మీద 2 శాతం రుసుము ఉందని ఇప్పుడే చూశాను. ఏటా కొంత మొత్తం దాకా రుసుము లేదని కూడా రాశారు. దాంతో లాభమంతా పోయినట్టేనా?

లెక్కల_మాస్టారు

పోలేదు. 2 లక్షల మీద 2 శాతం అంటే 4,000. ఆ 2 లక్షల మీద నెలకు వడ్డీ 1,333. మూడు నెలల్లో రుసుము తిరిగి వచ్చేస్తుంది, ఆ తరవాతదంతా మీదే. అయితే రుసుము లేని పరిమితి ఎంతో, ఆ ఏడాది లెక్క ఏ తేదీన మొదలవుతుందో చూడండి. కొత్త ఏడాది నెల రోజుల్లో మొదలవుతుందనుకుంటే కొంత ఇప్పుడు, కొంత అప్పుడు కడితే రుసుమే ఉండకపోవచ్చు.

పాతబాకీ

దానితోపాటే బాకీని ఎప్పుడెప్పుడు తిరగరాస్తారో కూడా అడగండి. రోజువారీగా తగ్గించి లెక్కిస్తే కట్టిన మర్నాటినుంచే వడ్డీ తగ్గుతుంది. నెలకోసారి అయితే ఆ తేదీకి ముందు రోజు కట్టడం మంచిది. ఏడాదికోసారి మాత్రమే తిరగరాసే పాత తరహా ఒప్పందమైతే మధ్యలో కట్టిన డబ్బు ఏడాది చివరిదాకా నిద్రపోతుంది. అటువంటప్పుడు మీ పొదుపు ఖాతాలోనే ఉంచుకుని ఆ తేదీకి ముందు కట్టండి.

ఏడో_మైలు

నిదానం గారి భయానికీ అసలు_వడ్డీ గారి తొందరకూ మధ్యేమార్గం ఒకటుంది. కొన్నిచోట్ల ఇంటి అప్పును ఓవర్‌డ్రాఫ్టు ఖాతాతో ముడిపెట్టి ఇస్తారు. మిగులు డబ్బును అందులో ఉంచితే, ఉన్నన్ని రోజులూ అంత బాకీ తగ్గినట్టే వడ్డీ లెక్కిస్తారు, అవసరమైతే మళ్లీ తీసుకోవచ్చు. రేటు మామూలు అప్పు కన్నా కొంచెం ఎక్కువగా ఉండడం సాధారణం. ఆ ఖాతాలో నిలకడగా పెద్ద మొత్తం ఉంచలేని వారికి ఆ కొంచెమే నష్టమవుతుంది.

నిదానం

ఇది ముందే తెలిసి ఉంటే మా కథ వేరుగా ఉండేది.

తాళంచెవి

కాస్త పక్కదారి పడుతున్నందుకు క్షమించాలి. తాకట్టు అప్పును ఇంగ్లీషులో పిలిచే ‘మార్ట్‌గేజ్’ అన్న మాట పాత ఫ్రెంచి భాష నుంచి వచ్చింది, దాని అర్థం ‘చచ్చిన తాకట్టు’. 17వ శతాబ్దపు ఇంగ్లండు న్యాయవేత్త ఎడ్వర్డ్ కోక్ దీన్ని వివరిస్తూ, బాకీ తీర్చకపోతే ఆస్తి అప్పు తీసుకున్నవాడికి చచ్చినట్టు, తీరిస్తే ఆ తాకట్టు అప్పు ఇచ్చినవాడికి చచ్చినట్టు అన్నాడు. ఎటు తిరిగినా ఏదో ఒకటి చావాలి.

అసలు_వడ్డీ

ప్రస్తుతానికి చస్తున్నది మనమే.

మూడో_అంతస్తు

రెండు వారాల తరవాత మళ్లీ రాస్తున్నాను. ఇద్దరం ఈ చర్చ మొత్తం కలిసి చదివాం. నిదానం గారి రాత దగ్గర మావారు నా వైపు చూసిన చూపు గురించి రాయను.

రాతపూర్వకంగా ఇచ్చాక 30,000ను అసలుకు మార్చారు, కానీ మార్చిన తేదీ నుంచే. పది నెలలకు పోయిన వడ్డీ సుమారు 1,000 అని లెక్క చూపించి అడిగితే, మొదటినుంచీ అలా కోరి ఉండవలసిందన్నారు, వదిలేశాను. పొదుపులోంచి 2 లక్షలు కాకుండా లక్ష మాత్రమే కట్టాం, అది రుసుము లేని పరిమితిలోనే సరిపోయింది. మిగిలిన 3 లక్షలు నాలుగున్నర నెలల ఖర్చుకు సరిపోతాయి కనుక ఆయన ఒప్పుకున్నారు. కొత్త పట్టిక ప్రకారం బాకీ 25,83,000, వాయిదాలు 192 నుంచి 175కు తగ్గాయి. నెలకు 3,000 ఇకమీదట నేరుగా అసలుకే వెళ్లేలా ఏర్పాటు చేశాను. అది ఆగకుండా సాగితే 143 నెలల్లో, అంటే పన్నెండేళ్లకు ఒక నెల ముందే, అప్పు తీరుతుంది.

పాతబాకీ

ఆ పట్టికనూ, మీరిచ్చిన ఉత్తరం నకలునూ ఒకే చోట దాచండి. ఆరు నెలలకోసారి బాకీని పట్టికతో సరిచూసుకోండి, మనుషులు మారినప్పుడు ఈ 3,000 మళ్లీ ‘ముందస్తు వాయిదా’లోకి జారే అవకాశం ఉంది. చివరి వాయిదా కట్టిన రోజున బాకీ లేదన్న పత్రం, మీ ఇంటి అసలు దస్తావేజులు తీసుకుని, తాకట్టు తొలగినట్టు రికార్డుల్లో నమోదు చేయించేదాకా వదలవద్దు. మా పక్కింటివారు ఆ చివరి పని మరిచిపోయి, ఇల్లు అమ్మేటప్పుడు నాలుగు నెలలు తిరిగారు.

మూడో_అంతస్తు

143 నెలలకు గుర్తు పెట్టుకుంటాను. ఈ నెల 3,000 ఈ ఉదయమే వెళ్లింది, ఈసారి అసలు పద్దులోనే పడింది.